ముట్టుకోవద్దన్న చోటే ముందు చూడాలి

2024 మార్చిలో తెలంగాణ వాహనాల రిజిస్ట్రేషన్ కోడ్ టీఎస్ నుంచి టీజీకి మారింది. బండి కొన్నవాళ్ళకు అది నంబరు ప్లేటు మీద ఒక్క అక్షరం తేడా. మా టీంకు మూడు వారాల పని.

నేను వాహన బీమా సాఫ్ట్‌వేర్‌ను నిర్వహించే టీంలో పనిచేస్తున్నాను. పాలసీ ఇవ్వడం, రెన్యువల్, క్లెయిమ్ అన్నీ దాని మీదే నడుస్తాయి. పదమూడేళ్ళ నాటి కోడ్ అది. మొదట రాసినవాళ్ళలో ఇప్పుడు ఒక్కరూ లేరు. ‘టీఎస్’ అన్న రెండక్షరాలు అందులో ఎక్కడెక్కడ ఉన్నాయని వెతికితే 63 చోట్ల దొరికాయి. కొన్ని బండి నంబరు సరైనదో కాదో చూసేవి, కొన్ని ఆర్టీవో ఆఫీసు ఏదో తేల్చేవి, కొన్ని పాలసీ కాగితం మీద ముద్రించేవి. పాత బండ్లకు టీఎస్ అలాగే ఉంటుంది, కొత్తవాటికే టీజీ. అందుకని ఒక అక్షరం తీసేసి ఇంకోటి పెట్టేస్తే కుదరదు. ప్రతిచోటా ఆగి, ఇక్కడ రెండూ చెల్లాలా, ఒకటే చెల్లాలా అని ఆలోచించాలి. ఆలోచించాం, పరీక్షలు చేశాం, రిలీజ్ చేశాం.

మే నెలలో కాల్ సెంటర్ నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. వరంగల్ కుర్రాడు. డెలివరీ పని కోసం కొన్న కొత్త బండి. హన్మకొండలో యాక్సిడెంట్ అయి చెయ్యి విరిగింది, బండి ముందుభాగం నుజ్జయింది. క్లెయిమ్ ఫారంలో నంబరు కొట్టినప్పుడల్లా ‘చెల్లని నంబరు’ అంటోంది. బండి బాగైతే తప్ప అతనికి పని లేదు.

కారణం పట్టుకోవడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. పట్టుకున్నది టీంలో చేరి ఏడాది కూడా కాని అమ్మాయి. “మేడం, ఇక్కడ టీ వేరే, ఎస్ వేరే రాసి తర్వాత కలిపారు. అందుకే మనం వెతికినప్పుడు తగల్లేదు” అంటూ స్క్రీన్ నా వైపు తిప్పింది. అరవై నాలుగో చోటు. అది ఉన్న ఫంక్షన్ పొడవు 1,100 లైన్లు. దాని నెత్తిన ఎవరో ఎప్పుడో ఒక హెచ్చరిక రాసి వెళ్ళారు: దీన్ని ముట్టుకోవద్దు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది వేరే ఉంది. రెండేళ్ళ ముందే మేం ఈ కోడ్ మొత్తాన్ని ఒక విశ్లేషణ టూల్‌తో చదివించాం. ‘ఒకే పదం పదేపదే రాశారు, ఒక్కచోట పెట్టుకుని అక్కడి నుంచే వాడుకోండి’ అని అది టీఎస్ గురించి చెప్పింది. ఆ 1,100 లైన్ల ఫంక్షన్ గురించి ‘ఇది మనిషి అర్థం చేసుకోగల స్థాయి దాటింది’ అని కూడా చెప్పింది. ఆ రెండు హెచ్చరికలూ వేల హెచ్చరికల జాబితాలో చేరాయి. ‘ప్రాధాన్యం తక్కువ’ అని ముద్ర వేసి మూసేసిన మీటింగ్‌లో నేనూ ఉన్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాం. ఆ గొడ్డలి దెబ్బ తగిలింది మాకు కాదు, వరంగల్ కుర్రాడికి.

ఈ టూల్స్ చేసే పని మరీ కొత్తదేం కాదు. ప్రోగ్రాంను నడపకుండానే, ప్రూఫ్‌రీడర్ అచ్చుకు ముందు పేజీ చదివినట్టు, కోడ్‌ను ఒక లైనూ వదలకుండా చదువుతాయి. 1978లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం ఇలాంటిదొకటి రాసి ‘లింట్’ అని పేరుపెట్టాడు. బట్టకు అంటుకునే నూగును ఇంగ్లిష్‌లో అలా అంటారు. బట్ట చిరగలేదు, కట్టుకోవచ్చు, కానీ దులపాలి. ఇప్పుడు జావాకు పీఎండీ, పైథాన్‌కు పైలింట్, జావాస్క్రిప్ట్‌కు ఈఎస్‌లింట్, చాలా భాషలకు కలిపి సోనార్‌క్యూబ్ ఉన్నాయి.

కోడ్ ఎంత చిక్కుపడిందో కొలిచే పద్ధతి అంతకు రెండేళ్ళ ముందే, 1976లో థామస్ మెకేబ్ ఇచ్చాడు. కంప్యూటర్ చదవనివాళ్ళకు కూడా అర్థమయ్యే లెక్క అది. ఆర్టీసీ బస్సులో టికెట్ ధర తేల్చే ప్రోగ్రాం ఒకటి రాస్తున్నామనుకోండి. మొదట ఒకటే దారి: దూరం చూడు, డబ్బు చెప్పు. అప్పుడు లెక్క ఒకటి. చంటిపిల్ల అయితే టికెట్ వద్దు అన్నాం, రెండైంది. కాస్త పెద్ద పిల్ల అయితే అర టికెట్, మూడు. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చింది, ఆడవాళ్ళకు ఉచితం, నాలుగు. అయితే అన్ని బస్సుల్లో కాదు, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటివాటిలోనే, ఐదు. తెలంగాణవాళ్ళకు మాత్రమే, ఆరు. ‘అయితే’ అన్న మాట పడ్డప్పుడల్లా ఒకటి పెరుగుతుంది. ఆ ప్రోగ్రాంను పూర్తిగా పరీక్షించాలంటే కనీసం ఎన్ని దారుల్లో నడిచి చూడాలో ఆ అంకె చెబుతుంది. ఒక ఫంక్షన్‌లో అది పది దాటితే విడగొట్టడం మంచిదని మెకేబ్ సూచన. మా ‘ముట్టుకోవద్దు’ ఫంక్షన్‌కు టూల్ ఇచ్చిన అంకె 140 పైనే.

అంత చిక్కు ఒక్కరోజులో పడదు. ఎవరో చెడ్డ ప్రోగ్రామర్ చేసిన పనీ కాదు. మా కోడ్‌లో 2014 జూన్ రెండో తేదీ కనిపిస్తుంది, రాష్ట్రం రెండైనప్పుడు వేసిన అతుకు. 2017 జులై ఒకటి కనిపిస్తుంది, సర్వీస్ ట్యాక్స్ పోయి జీఎస్టీ వచ్చినప్పటి అతుకు. ప్రతి అతుకూ ఆరోజుకు అవసరమే, వేసినవాళ్ళు నిద్ర మానుకునే వేశారు. పదేళ్ళకు అది అతుకుల బొంత అయింది. మెయిర్ లేమాన్ అనే శాస్త్రజ్ఞుడు 1970లలోనే ఈ సంగతి సూత్రంగా చెప్పాడు: వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌ను మారుస్తూనే ఉండాలి, పనిగట్టుకుని సరళం చేయకపోతే మార్చిన కొద్దీ చిక్కుపడుతుంది. ఆ ‘పనిగట్టుకుని’ అన్న మాట దగ్గరే మన పరిశ్రమ ఆగిపోయింది.

మన పరిశ్రమ అని ఊరికే అనడం లేదు. నేను 1998లో తెనాలి నుంచి వచ్చి అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్నాను. అప్పుడు మైత్రీవనం చుట్టుపక్కల ఏ బోర్డు చూసినా వైటూకే. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రాంలను 2000 వచ్చేలోగా దిద్దాలి. వేలమంది తెలుగు పిల్లలు ఆ పని పట్టుకునే అమెరికా విమానం ఎక్కారు. మనకు అన్నం పెట్టింది కొత్త కోడ్ రాయడం కాదు, ఇంకొకరు రాసిన కోడ్‌ను చదివి బాగుచేయడం. ఇవాళ్టికీ హైటెక్ సిటీలో చాలామంది పొద్దున్నే లాప్‌టాప్ తెరిచేది పరాయివాళ్ళ కోడ్ మీదే. ఇంత జరిగినా దాన్ని చిన్నచూపు చూస్తాం. ‘సపోర్ట్ ప్రాజెక్టా?’ అని అడిగే గొంతులోనే ఆ చులకన వినిపిస్తుంది. ఇంజినీరింగ్ కాలేజీల్లో నాలుగేళ్ళూ ఖాళీ పేజీ మీద ప్రోగ్రాం రాయడమే నేర్పుతారు. పదివేల లైన్ల పరాయి కోడ్ చేతికిచ్చి, దీన్ని చదివి నాకు అర్థమయ్యేలా చెప్పమని ఏ పరీక్షలోనూ అడగరు.

ఆ పని చేసేవాళ్ళకు ఈ టూల్ ఒక సాక్షి. ‘ఈ మార్పుకు మూడు వారాలు ఎందుకు?’ అని క్లయింటు అడిగినప్పుడు మా కష్టం మేం చెప్పుకుంటే సాకులా వినిపిస్తుంది. అదే ముక్క టూల్ అంకెల్లో చెబితే వింటారు. నేను చూశాను.

కానీ దాన్ని సాక్షిగా కాక బెత్తంగా వాడితే జరిగేదీ చూశాను. నేను అంతకుముందు పనిచేసిన ఒక చోట, మూడు నెలల్లో ప్రతి ప్రాజెక్టుకూ ‘ఏ’ రేటింగ్ రావాలని పైనుంచి ఆదేశం వచ్చింది. సోనార్‌క్యూబ్ ఏ నుంచి ఈ వరకు గ్రేడ్లు ఇస్తుంది మరి. ఒక కుర్రాడి దగ్గర 600 లైన్ల ఫంక్షన్ ఉంది. గడువు శుక్రవారం. పాపం అతను దాన్ని తొమ్మిది ముక్కలు చేసి పార్ట్1, పార్ట్2 అంటూ పార్ట్9 దాకా పేర్లు పెట్టాడు. ఒకదాన్నుంచి ఇంకోదానికి పదిహేడు విలువలు మోసుకెళ్ళాలి. అంకె తగ్గింది, గ్రేడ్ వచ్చింది. అంతకుముందు ఒకచోట కూర్చుని చదివేదాన్ని ఆ తర్వాత తొమ్మిది చోట్లకు తిరిగి చదవాల్సి వచ్చింది. తప్పు ఆ కుర్రాడిది కాదు. మార్కుల షీట్ అడిగినవాళ్ళకు మార్కులే వస్తాయి.

రిపోర్టు ఎప్పుడు చేతికిస్తున్నాం అన్నది కూడా ముఖ్యమే. ఫేస్‌బుక్ ఇంజినీర్లు తమ ‘ఇన్ఫర్’ అనే టూల్ గురించి 2019లో ఒక వ్యాసం రాశారు. అది పట్టేది చిక్కుముళ్ళను కాదు, తప్పులను. అయినా వాళ్ళు నేర్చుకున్న పాఠం దీనికీ వర్తిస్తుంది. రాత్రంతా కోడ్‌ను తనిఖీ చేయించి, దొరికిన లోపాల జాబితాను ప్రోగ్రామర్లకు పంచితే దిద్దినవాళ్ళు దాదాపు లేరట. అదే టూల్‌ను ప్రోగ్రామర్ మార్పు చేసి సమీక్షకు పంపే సమయంలో, ఆ మార్పు పక్కనే, చూపిస్తే 70 శాతానికి పైగా దిద్దారు. అప్పుడు ఆ కోడ్ అతని తలలో తాజాగా ఉంటుంది. నాలుగు వేల హెచ్చరికల ఎక్సెల్ షీట్ పంపి ‘చూడండి’ అనడం పని చేయించడం కాదు. మేం 2022లో చేసింది సరిగ్గా అదే.

టూల్ ఎంతవరకు చూడగలదో కూడా చెప్పాలి. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లలో బయటపడ్డ లోపం చాలామంది ప్రోగ్రామర్లకు గుర్తుండే ఉంటుంది. సురక్షిత కనెక్షన్‌ను నిర్ధారించే కోడ్‌లో ‘గోటూ ఫెయిల్’ అన్న లైను వరుసగా రెండుసార్లు పడింది. ఆ రెండో లైను వల్ల కింద ఉన్న అసలు తనిఖీ ఎప్పటికీ జరగదు. ‘ఈ కింది లైన్ల దాకా ఎవరూ రాలేరు’ అని పట్టుకోవడం టూల్‌కు చిటికెలో పని. అదే 2012 ఆగస్టు ఒకటిన న్యూయార్క్ షేర్ మార్కెట్‌లో నైట్ క్యాపిటల్ అనే సంస్థకు జరిగింది వేరు. 2003లోనే వాడకం ఆపేసిన కోడ్‌ను ఎవరూ తీసేయలేదు. దాన్ని మేల్కొలిపే పాత స్విచ్‌ను కొత్త పనికి వాడుకున్నారు. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త ప్రోగ్రాం చేరలేదు. ఆ ఒక్క సర్వర్‌లో పాత కోడ్ లేచి కూర్చుంది. ముప్పావుగంటలో 40 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఆ కోడ్‌కు స్విచ్ ఇంకా తగిలించే ఉంది కాబట్టి, టూల్ కంటికి అది బతికున్న కోడే. దాన్ని వాడటం మానేశామన్న సంగతి మనుషులకే తెలుసు. తీసేయాల్సిందీ మనుషులే.

మా అరవై నాలుగో చోటు కూడా అలాంటిదే. టీ, ఎస్ వేరుగా ఉన్నాయని టూల్ చెప్పలేదు. ఆ ఫంక్షన్ ప్రమాదకరంగా ఉందని మాత్రమే చెప్పింది. మేం అప్పుడే లోపలికి వెళ్ళి చూసుంటే దొరికేది.

ఇప్పుడు కృత్రిమ మేధ నిమిషాల్లో వందల లైన్ల కోడ్ రాసిస్తోంది. రాసే వేగం పెరిగింది కానీ చదివే మనిషి వేగం పెరగలేదు. పోగుపడేదంతా రేపు ఎవరో ఒకరు మోయాల్సిందే. అందుకే ఈ మాట ఇప్పుడే చెప్పాలనిపించింది.

సాఫ్ట్‌వేర్ కొనే సంస్థలు, ప్రభుత్వ శాఖలతో సహా, కోడ్‌తో పాటు దాని విశ్లేషణ రిపోర్టును కూడా అప్పగించాలని ఒప్పందంలోనే రాసుకోవాలి. ఇల్లు కొనేటప్పుడు గోడ తట్టి చూడమా? ఇక మేనేజర్లకు, టీం లీడ్‌లకు నా విన్నపం. నాలుగు వేల హెచ్చరికలూ దిద్దాలనుకోకండి. ఏళ్ళ తరబడి ఎవరూ కదపాల్సిన అవసరం రాని చిక్కుకోడ్ ఉంటే దాన్ని అలా ఉండనివ్వండి. గత ఆరు నెలల్లో మీ ప్రాజెక్టులో ఎక్కువసార్లు మారిన పది ఫైళ్ళు ఏవో గిట్ చరిత్రలోంచి తీయండి. ఆ పదింటిలో టూల్ ఎక్కువ చిక్కు చూపిస్తున్నవి ఏవో చూడండి, మూడో నాలుగో తేలతాయి. వాటిలో ఒక్కదాన్ని వచ్చే స్ప్రింట్‌లో బాగుచేయడానికి ఇద్దరికి మూడు రోజులు ఇవ్వండి. ఆ మూడు రోజులూ వాళ్ళను వేరే పనికి పిలవకండి.

మేం ఆ 1,100 లైన్ల ఫంక్షన్‌ను ఆగస్టులో మొదలుపెట్టి దసరా నాటికి పూర్తిగా విడగొట్టాం. రాష్ట్రాల కోడ్‌లు ఇప్పుడు ఒక్క ఫైల్‌లో ఉన్నాయి. ‘ముట్టుకోవద్దు’ అన్న లైనును ఆ అమ్మాయే తన చేత్తో చెరిపేసింది.