బాప్తిస్మమైన తరువాత

ఏళాయిరంపన్నైలో ఒక ఇంట మేము భోజనమునకు కూర్చున్నాము. ఆ గృహస్థు మన తెలుగువారే. బాప్తిస్మము పొంది సంవత్సరము దాటినది. “ఆదివారము గుడికి పోతున్నాము, ప్రార్థన చేసుకొంటున్నాము. ఇంక ముందుకు పోవుట యెట్లాగో తెలియుట లేదండీ” అన్నారు. వడ్డించుచున్న ఇల్లాలు మెల్లగా మరొక సంగతి చెప్పినారు. ఆనాటినుండి ఆయన అన్నగారి గడప త్రొక్కలేదట. అన్నగారిది ప్రక్క వీధే!

మాకు అజరయ్యగారు జ్ఞప్తికి వచ్చినారు. 1874లో మన పొరుగున, తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళైలో పుట్టిన తమిళుడాయన. 1903లో ఆ సీమ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించినప్పుడు పూనుకొన్నవారిలో ఒకరు. 1909లో దోర్నకల్లు చేరి, తెలుగు నేర్చి, అక్కడనే స్థిరపడినారు. ఆంగ్లికన్ సంఘమున బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనయే, అది 1912. మన పెద్దలు తెలుగుదేశమునుండి ఈ నల్లరేగడికి వచ్చినారు, ఆయన ఇటునుండి అటు పోయినారు!

ఆయనవద్ద బాప్తిస్మము పొందినవారిలో ఎక్కువమంది అక్షరము రాని కూలిజనము. వారిని కొంతకాలము నేర్చుకొని తరువాత మాట్లాడుడని ఆయన కూర్చుండబెట్టలేదు. ఎవరి చేయి వారి తలపై పెట్టించి, సువార్త చెప్పక ఊరకున్న తనకు శ్రమయే అను పౌలు మాటను చెప్పించెడివారు. మొదట మాకిది తలక్రిందుల పద్ధతిగా తోచినది. ఆలోచింపగా తెలిసినది. పొరుగువానికి క్రీస్తును గూర్చి చెప్పబోవువాడు సాయంకాలము కల్లు దుకాణమున కనబడిన నవ్వులపాలగును. అందుచేత నోరు తెరచిననాడే నడత దిద్దుకొనక తప్పదు.

ఇచ్చుట విషయమునను ఆయన అంతే. పేదవాడు పుచ్చుకొనుటకే యున్నాడని ఒప్పుకొనలేదు. క్రైస్తవుల దానమును గూర్చి ప్రత్యేకముగా ఒక పుస్తకమే వ్రాసినారు. మన దక్షిణపు సంఘములలో ఇల్లాండ్రు ఎసరు పెట్టునప్పుడు పిడికెడు బియ్యము వేరుగా తీసిపెట్టుట మీరెరిగినదే.

1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు కథీడ్రలును చూచిన, గుమ్మటములు మసీదును, స్తంభములు కోవెలను తలపించును. క్రీస్తును నమ్మినవాడు తనవారికి పరాయివాడు కానక్కరలేదని ఆ రాళ్ళు చెప్పుచున్నట్లుండును.

ఇదంతా విని ఆ గృహస్థు, “అన్నగారు నన్ను లోపలికి రానియ్యకపోతే?” అన్నారు. “అరుగుమీద కూర్చుండుడు” అన్నాము. అంతకంటె మాకు తోచలేదు. మేము బోధకులము కాము గదా.

మరల పోయినప్పుడు వంటింట పిడికెడు బియ్యపు కుండ ఖాళీగా నున్నది. అన్నగారింట జ్వరములట, అయ్యగారినడిగి ఇల్లాలు ఆ బియ్యము అక్కడికి పంపినారట. మోసికొనిపోయినది ఆయనయే. వదినగారు కుండ అందుకొని, అరుగుమీద చాప వేసినారట.