అమ్మడమా, నేర్పడమా?

మగ్గం కుట్టు వచ్చిన బెంగుళూరు సోదరి ఒకరు, ఇంట పేరంటాలు పెట్టి పూసలు, జరీ, కుందనాలు అమ్మాలా, తరగతులు నడపాలా అని వ్రాశారు.

చెల్లెమ్మా! సరుకుకు డబ్బు ముందు పెట్టాలి. చెల్లని రంగు పూసలు డబ్బాలోనే ఉండిపోతాయి. పేరంటానికి వచ్చినవారు మొగమాటానికి కొంటారు. అరువడిగితే మీరూ మొగమాటానికే ఇస్తారు. చివరకు బాకీ మిగిలి, స్నేహం పోతుంది.

నేర్పడానికి ఒక చట్రం, ఆరీ సూది, మీ ఓర్పు చాలు. గుడ్డ అడుగునుంచి ఎడమచేయి దారం అందించే ఒడుపు ఎదుట కూర్చుని చూపితేనే పట్టుబడుతుంది గదా! రుసుము ముందే పుచ్చుకోండి. శిష్యురాండ్రకు కావలసిన సరుకు మాత్రమే తెచ్చి, కొద్ది లాభానికి ఇవ్వండి.

నలుగురితో మొదలుపెట్టండి. పసుపు కుంకుమలకు పిలిచిననాడు మాత్రం ధర మాట ఎత్తకండి.