కొత్తోడూ ఆడాలి, ఆరితేరినోడూ ఆడాలి

వీడియో గేముల్లో ఇద్దరు తలపడే ఫైటింగ్ గేములున్నాయి కదా. వాటిని తయారుచేసేవాళ్ళకి ఎప్పుడూ ఒకటే తలనొప్పి. కష్టంగా చేస్తే కొత్తోళ్ళు పారిపోతారు. మరీ తేలిక చేస్తే ఆరితేరినోళ్ళు విసుక్కుంటారు.

2008లో జపాన్ కంపెనీ నింటెండో 'సూపర్ స్మాష్ బ్రదర్స్ బ్రాల్'లో బొమ్మలు ఉన్నట్టుండి కాలుజారి పడేలా పెట్టింది. ఎంత నేర్చినా అదృష్టం చేతిలో ఓడాల్సిందే! పోటీ ఆటగాళ్ళు మండిపడ్డారు. 2014లో వచ్చిన తర్వాతి ఆటలో ఆ ఊరికే జారిపడటం తీసేశారు.

2023లో క్యాప్‌కామ్ 'స్ట్రీట్ ఫైటర్ 6'లో వేరే దారి పట్టింది. కావాలంటే ఒక్క బటన్‌తోనే ప్రత్యేక దెబ్బ కొట్టొచ్చు. కానీ దాని బలం 20 శాతం తక్కువ. పద్ధతిగా నేర్చుకుని కొట్టినోడికి పూర్తి బలం.

నా ఉద్దేశంలో ఇదే న్యాయం. నేర్చినోడి కష్టం లాక్కోకూడదు, రానోడికి తలుపు మూయకూడదు.

మన హాస్టల్ క్యారమ్ బోర్డు దగ్గరా అంతే. చిన్న తరగతులవాళ్ళు రోజూ నిలబడి చూడటమే! వాళ్ళకి ఐదు పాయింట్లు ముందే ఇచ్చి మనతో ఆడిద్దాం. ఓడినా రేపు మళ్ళీ వస్తారు. ఏమంటారు?