అంకె చేరిందా? సరిగా చేరిందా?

పిల్లలూ! ఇప్పుడు చాలా ఇళ్లలో రక్తపోటు చూసే యంత్రాలు ఉన్నాయి. వాటిలో కొన్ని, తాము కొలిచిన అంకెను బ్లూటూత్ ద్వారా సెల్‌ఫోనుకు అందిస్తాయి. ఫోను దాన్ని దూరాన ఉన్న డాక్టరుగారికి పంపుతుంది. ఈ ఆలోచన పాతదే. 1905లోనే హాలెండు శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్, ఆసుపత్రిలో ఉన్న రోగి గుండె సంకేతాలను టెలిఫోను తీగ మీదుగా సుమారు కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించాడు.

అయితే పంపడం వేరు, చేరడం వేరు. మా రామతీర్థంలాంటి ఊళ్లలో కొండ అడ్డువస్తే రేడియో తరంగాలు బలహీనపడతాయి. అంకె దారిలోనే ఆగిపోవచ్చు. అప్పుడు డాక్టరుగారు "ఏ కబురూ లేదు, కులాసాగానే ఉన్నారు" అనుకుంటే? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వేలమంది మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్నారు. రక్తపోటు పెరిగితే ఆ మూత్రపిండాలు మరింత దెబ్బతింటాయి. అలాంటివారి విషయంలో ఒక్క అంకె అందకపోయినా నష్టమే.

అందుచేత కబురు రాకపోవడాన్ని ఆరోగ్యంగా లెక్కించకూడదని నా అభిప్రాయం. ఒకప్పుడు రిజిస్టరు ఉత్తరం అందినట్లు సంతకంతో రసీదు తిరిగి వచ్చేది. అలాగే "అందింది" అనే జవాబు వచ్చేవరకూ యంత్రం ఆ అంకెను దాచుకుని, మళ్లీ మళ్లీ పంపాలి. ఎంతకీ చేరకపోతే ఇంట్లోవారికి ఆ సంగతి చెప్పాలి.

ఇక రెండో ప్రశ్న. చేత్తో ఎక్కించేటప్పుడు 128 కాస్తా 182 అయితే? అంకెలను కూడి చూస్తే రెండింటికీ 11 వస్తుంది, తప్పు దొరకదు. మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 3తో గుణించి కూడండి. 128కి 29, 182కి 23 వస్తాయి. దొంగ దొరికాడు! ఇలాంటి తనిఖీ సంఖ్యను సమాచారంతోపాటే పంపుతారు. అవతల లెక్క కుదరకపోతే మళ్లీ పంపమంటారు. ఆధార్ సంఖ్యలో చివరి అంకె కూడా తనిఖీ కోసం పెట్టిందే.

కాని ఏ లెక్కకూ దొరకని తప్పు ఒకటుంది. తాతయ్య పేరు మీద ఉన్న యంత్రాన్ని నాయనమ్మ చేతికి కడితే, అంకె చక్కగా చేరుతుంది. మందు మాత్రం తప్పు మనిషికి మారుతుంది! పట్టీ ఎవరి చేతికి ఉందో చాలా యంత్రాలకు తెలియదు. మీకు తెలుసు. అందుకే మీ ఇంట్లో రక్తపోటు చూసినప్పుడల్లా పేరు, తేదీ, వేళ, అంకె ఒక నోటుపుస్తకంలో రాయండి. డాక్టరుగారికి అందిన అంకె అదేనా అని అడిగి సరిచూడండి.