చిరునామా కోల్పోయిన ఓటు: బ్రూల ఉదంతం చెప్పేదేమిటి?

పద్దెనిమిదేళ్లు నిండిన పౌరులకు రాజ్యాంగం 326వ అధికరణం ఓటుహక్కు కల్పించింది. ఆ హక్కు వినియోగానికి ఓటర్ల జాబితాలో పేరుండాలి. పేరు నమోదు కావాలంటే ఆ నియోజకవర్గంలో సాధారణ నివాసి అయి ఉండాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం నిర్దేశిస్తోంది. స్థిరమైన ఇల్లున్నవారికి ఇది లాంఛనమే. ప్రాణభయంతో ఊరు విడిచిన గిరిజనులకు మాత్రం ఇదే పెద్ద అవరోధం. మిజోరం నుంచి త్రిపురకు తరలిపోయిన బ్రూల అనుభవం ఇందుకు నిదర్శనం.

రియాంగులుగానూ ప్రసిద్ధులైన బ్రూలు మిజోరం పశ్చిమ ప్రాంతంలో, ముఖ్యంగా మామిత్ జిల్లాలో నివసించేవారు. వారి పేర్లను ఓటర్ల జాబితా నుంచి తొలగించాలని 1990 దశకం మధ్యలో కొన్ని మిజో సంఘాలు డిమాండు చేశాయి. చక్మా, లాయ్, మారా తెగల మాదిరిగా తమకూ స్వయంప్రతిపత్తిగల జిల్లా మండలి కావాలని బ్రూలు కోరారు. 1997 అక్టోబరులో ఒక అటవీ ఉద్యోగి హత్యానంతరం ఘర్షణలు చెలరేగి, వేలాది మంది ఉత్తర త్రిపురలోని సహాయ శిబిరాలకు చేరుకున్నారు.

తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన సాధారణ నివాసం రద్దు కాదని చట్టమే చెబుతోంది. అందువల్ల వారు త్రిపురలో తలదాచుకుంటూనే మిజోరం ఓటర్లుగా కొనసాగారు. శిబిరాల నుంచి వారు పోస్టల్ బ్యాలెట్ ద్వారా ఓటు వేయడాన్ని నిరసిస్తూ 2014లో మిజోరంలో బంద్ జరిగింది. దాంతో లోక్‌సభ పోలింగ్‌ను ఏప్రిల్ 9 నుంచి 11కు వాయిదా వేయవలసి వచ్చింది. 2018 శాసనసభ ఎన్నికల ముందు ఇదే వివాదం ముదిరి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారిని మార్చేదాకా వెళ్లింది. చివరకు శిబిరవాసులు సరిహద్దు దాటివచ్చి, మిజోరంలోని కాన్‌మున్ గ్రామంలో ఓటు వేశారు.

మిజో సంఘాల వాదనను తేలికగా కొట్టివేయలేము. రెండు దశాబ్దాలుగా మరో రాష్ట్రంలో ఉంటున్నవారు తమ పాలకులను ఎలా నిర్ణయిస్తారన్నది వారి ప్రశ్న. ఓటు కావాలనుకునేవారు తిరిగి రావాలన్నది వారి షరతు. అయితే తిరిగి వచ్చినవారి భద్రతకు నమ్మకమైన హామీ లేనప్పుడు ఆ షరతు ఓటును నిరాకరించడంతో సమానమవుతుంది.

2020 జనవరి 16న కేంద్రం, ఇరు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధుల మధ్య కుదిరిన ఒప్పందం ఈ చిక్కుముడిని కొంత విప్పింది. సుమారు 34,000 మందికి త్రిపురలోనే స్థిరనివాసం, దాదాపు 600 కోట్ల రూపాయల ప్యాకేజీ, ఇంటిస్థలం, ఓటర్ల జాబితాలో చోటు అందులోని ప్రధానాంశాలు. 2023 త్రిపుర శాసనసభ ఎన్నికల్లో వారు తొలిసారి అక్కడి ఓటర్లుగా పాల్గొన్నారు. రియాంగులు త్రిపుర షెడ్యూల్డు తెగల జాబితాలో ఉండటం వారికి కలిసివచ్చిన అంశం.

ఆ సౌలభ్యం అందరికీ లేదు. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం కాలపు హింసకు భయపడి గోదావరి పరీవాహక అడవులకు వచ్చిన గుత్తికోయలు ఇందుకు ఉదాహరణ. వారిలో కొందరికి తెలుగు రాష్ట్రాల్లో ఓటరు కార్డులు లభించాయి. అయితే షెడ్యూల్డు తెగ హోదా రాష్ట్రాలవారీగా నిర్ణయమయ్యేదనీ, వలస వెళ్లిన రాష్ట్రంలో అది వర్తించదనీ మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు 1990లో స్పష్టం చేసింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో సర్పంచి పదవులు గిరిజనులకే కేటాయించినవి. అంటే ధ్రువపత్రం లేని గుత్తికోయ తన గూడెం సర్పంచిని ఎన్నుకోగలడే తప్ప, తాను సర్పంచి కాలేడు.

పౌరసత్వం, నివాసం, తెగ గుర్తింపు అనే మూడూ కలిస్తేనే గిరిజనునికి రాజకీయ భాగస్వామ్యం సంపూర్ణమవుతుంది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలినవి బలహీనపడతాయి. బ్రూల విషయంలో నివాసాన్ని తేల్చడానికే 23 ఏళ్లు పట్టింది. ఆ వ్యవధిలో శిబిరాల్లో పుట్టిన పిల్లలు ఓటు వయసుకు ఎదిగారు. నిర్వాసితులకు బియ్యం, గుడారాలు అందించే తొలి నెలల్లోనే వారి ఓటు ఎక్కడన్నది కూడా నిర్ణయించే విధానం ఉండాలి. గుర్తింపు రాష్ట్రం సరిహద్దు వద్ద ఆగిపోకుండా చూడవలసిన బాధ్యత మాత్రం పార్లమెంటుదే.