చప్పట్లు కొట్టిన చేతులు

నేషనల్ హాకీ లీగ్‌లో డెరెక్ బూగార్డ్ 277 మ్యాచ్‌లు ఆడాడు. కొట్టిన గోల్స్ మూడు. ఏ ఆటలోనైనా ఇలాంటి లెక్క ఉన్నవాణ్ని జనం రెండో ఏడాదికే మర్చిపోతారు. అమెరికాలోని మిన్నెసోటా జనం మాత్రం అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఎందుకంటే జట్టు అతనికి జీతమిచ్చింది కొట్లాటకు.

ఐస్ హాకీ మనకు అంతగా పరిచయం లేని ఆట కనుక కాస్త వివరం చెప్పాలి. ఆ లీగ్‌లో ఇద్దరు ఆటగాళ్లు చేతి తొడుగులు విసిరేసి పిడికిళ్లతో కలబడితే, ఒకరు పడిపోయే దాకానో ఇద్దరూ అలిసిపోయే దాకానో రిఫరీలు సాధారణంగా పక్కనే నిలబడతారు. ఆ తర్వాత ఇద్దరికీ ఐదేసి నిమిషాల శిక్ష. పెనాల్టీ బాక్స్‌లో కూర్చుని, సమయం కాగానే మళ్లీ మంచు మీదికి రావచ్చు. తమ స్టార్ ఆటగాడి జోలికి ఎవరూ రాకుండా చాలా జట్లు ఒక బలశాలిని పెట్టుకునేవి. అతన్ని ఎన్‌ఫోర్సర్ అంటారు. ఆరున్నర అడుగులు దాటిన డెరెక్ ఆ పనిలో తన కాలంలో అందరినీ హడలెత్తించాడు.

అతను 1982లో కెనడాలోని సస్కటూన్‌లో పుట్టాడు. తండ్రి లెన్ పోలీసు. బదిలీల ఉద్యోగం, చిన్న ఊళ్లు, ఎక్కడికెళ్లినా కొత్త బడి. వయసుకు మించి ఎదిగిన ఆ పిల్లవాడు కలుపుగోలుగా ఉండలేక హాకీలో చోటు వెతుక్కున్నాడు. మెల్‌ఫోర్ట్ అనే ఊళ్లో ఉన్నప్పుడు, ఇంకా మీసకట్టు కూడా సరిగా రాని వయసులో, ఒక మ్యాచ్‌లో కోపం పట్టలేక ఎదుటి జట్టు బెంచీలోకి దూరి దొరికినవాణ్ని దొరికినట్టు కొట్టాడు. ఆ రోజు ప్రేక్షకుల మధ్య రెజైనా జూనియర్ జట్టుకు కొత్త ఆటగాళ్లను వెతికే స్కౌట్లు ఉన్నారు. వాళ్లు అతని పేరు రాసుకున్నారు.

ఇక్కడ ఆగి ఆలోచించమని అడుగుతున్నాను. ఒక పిల్లవాడు ఒళ్లు మరిచి తోటి పిల్లల మీద పడి కొడుతున్నాడు. పక్కనున్న పెద్దవాళ్లకు అందులో ఒక వృత్తి కనిపించింది. పిలిచి కూర్చోబెట్టి ఏమైంది బాబూ అని అడగాల్సిన చోట, నీకు మంచి భవిష్యత్తు ఉందని చెప్పారు. డెరెక్ జీవితంలో తర్వాత జరిగినదంతా ఆ రోజు జరిగిన అన్యాయంలోంచే మొదలైందని నా నమ్మకం.

2005లో మిన్నెసోటా జట్టు తరఫున పెద్ద లీగ్‌కు చేరాడు. 2006 అక్టోబరులో టాడ్ ఫెడరుక్ అనే ఆటగాడి చెంప ఎముకను ఒక్క గుద్దుతో ముక్కలు చేశాడు. వైద్యులు లోహపు పలకలు పెట్టి ఆ ముఖాన్ని నిలబెట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే ఆ ఫెడరుక్ డెరెక్ జట్టులోకి వచ్చి అతనితో స్నేహంగా ఉన్నాడు. వాళ్ల మధ్య పగ లేదు. పగ లేని ఇద్దరు మనుషులు ఒకరి ముఖం ఒకరు పగలగొట్టుకోవడం దేనికోసమంటే, అది చూసి కేకలు వేసే వేలమంది కోసం.

కొట్టేవాడికీ దెబ్బలు తగులుతాయి. చేతి వేళ్లు, ముక్కు, నడుము, భుజం. నొప్పికి మాత్రలు, తర్వాత నొప్పి లేకపోయినా మాత్రలు. 2008-09 ఒక్క సీజన్‌లోనే పదిమంది డాక్టర్లు కనీసం 25 సార్లు అతనికి మత్తు కలిగించే నొప్పి మందులు రాశారని న్యూయార్క్ టైమ్స్ విలేఖరి జాన్ బ్రాంచ్ వెలికితీశాడు. కొడుకు పోయాక ఆ మందుల కాగితాలన్నీ ఓపిగ్గా పోగుచేసింది తండ్రి లెన్. నేరస్థుల జాడ తీయడానికి నేర్చుకున్న విద్యను ఒక తండ్రి దేనికి వాడాల్సి వచ్చిందో చూడండి.

2010లో న్యూయార్క్ రేంజర్స్ జట్టు నాలుగేళ్లకు 65 లక్షల డాలర్లిచ్చి అతన్ని తీసుకుంది. డిసెంబరు 9న ఒట్టావా ఆటగాడితో జరిగిన కొట్లాటలో తలకు దెబ్బ తగిలింది. అదే ఆఖరి మ్యాచ్. 2011 మే 13న మినియాపొలిస్‌లోని ఇంట్లో మద్యం, మాత్రలు కలిసి ప్రాణం తీశాయి. అప్పటికి అతని వయసు 28.

కుటుంబం అతని మెదడును బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులకు అప్పగించింది. తలకు పదేపదే దెబ్బలు తగిలినవాళ్లలో మెదడును క్రమంగా తినేసే సీటీఈ అనే జబ్బు అందులో బయటపడింది. ఆ వయసులో అంత ముదిరి ఉండటం చూసి పరిశోధకులే నివ్వెరపోయారు. మనిషి బతికుండగా దీన్ని ఖాయంగా నిర్ధారించే పరీక్ష లేదు. అతని చావుకు ఆ జబ్బే కారణమని నేను అనను. కానీ బతికుంటే ఆ మెదడుతో నడివయసు ఎలా గడిచేదో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఆ వేసవిలోనే రిక్ రిపియన్, వేడ్ బెలాక్ అనే మరో ఇద్దరు కొట్లాట ఆటగాళ్లు చనిపోయారు. ఒకరికి 27, ఇంకొకరికి 35.

బూగార్డ్ కుటుంబం లీగ్ మీద వేసిన దావాను 2017లో కోర్టు కొట్టేసింది. 2018లో వందలాది మాజీ ఆటగాళ్లతో లీగ్ దాదాపు 1.9 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. కోర్టులు చట్టం చూస్తాయి, లీగ్ లాభం చూస్తుంది. మరి చూసేవాళ్ల మాటేమిటి?

ఇష్టపడి ఆడాడు, డబ్బు తీసుకున్నాడు, మనకేం సంబంధం అనేవాళ్లున్నారు. ఆ వాదన నేను ఒప్పుకోను. కూలి ఇచ్చినంత మాత్రాన మనిషి ఒళ్లు మన వినోదానికి రాసిచ్చినట్టు కాదు. కొట్లాట మొదలవగానే లేచి నిలబడ్డవాళ్లు, ఆ వీడియోలను ఫోన్లలో పదేపదే చూసినవాళ్లు, పిల్లలకు చూపించి నవ్వినవాళ్లు, వీళ్లందరి కోసమే ఆ ఉద్యోగం పుట్టింది. ఒక్కొక్కరి చప్పట్లూ చిన్నవే. అవన్నీ కలిసి ఒక యువకుడి జీవితానికి వెల కట్టాయి.

మార్పు రాదనుకోవద్దు. పెద్ద లీగ్‌లో కొట్లాటలు ఆ రోజులతో పోలిస్తే సగానికి పైగా తగ్గాయి. 2023లో క్యుబెక్ జూనియర్ లీగ్, కొట్లాటకు దిగిన కుర్రాణ్ని ఆ మ్యాచ్ నుంచే పంపేసే నియమం తెచ్చింది. జనం సహించేది మారితే నియమాలూ మారతాయి.

టొరంటోలో, డాలస్‌లో, న్యూజెర్సీలో, మినియాపొలిస్‌లో మన తెలుగు కుటుంబాలు కూడా ఈ మ్యాచ్‌లకు టికెట్లు కొంటున్నాయి. మన పిల్లలు అక్కడి రింక్‌లలో స్కేటింగ్ నేర్చుకుంటున్నారు. ఆట అందమైనది, తప్పకుండా చూడండి. తొడుగులు మంచు మీద పడిన క్షణంలో మాత్రం దయచేసి లేవకండి, చప్పట్లు కొట్టకండి. పక్కన కూర్చున్న మీ పిల్లలకు డెరెక్ బూగార్డ్ ఎవరో చెప్పండి. మీ అబ్బాయి తలకు దెబ్బ తగిలితే, ఈ వారం మ్యాచ్ పోయినా సరే, డాక్టరు ఒప్పుకునే దాకా ఆడించనని కోచ్ ముఖం మీదే చెప్పండి.