బాసర వెళ్తే... వ్యాస గుహ కూడా!

ఇంట్లో బుజ్జాయికి మూడో ఏడు వచ్చిందంటే చాలు... కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇళ్లల్లో మొదలయ్యే మాట 'బాసర ఎప్పుడు పోదాం?' అనే. అందరికంటే ముందు తొందరపెట్టేది నానమ్మ. తను ఏనాడూ పలక పట్టి ఉండకపోవచ్చు. మనవడు మాత్రం సరస్వతమ్మ ముందే దిద్దాలి!

పలక, బలపం, కొత్త బట్టలతో ఇంటిల్లిపాదీ బయల్దేరతారు. పంతులుగారు వేలు పట్టి దిద్దిస్తారు. పిల్లాడు ఏడుస్తాడు. నాన్న ఫొటో తీస్తాడు. అంతే, తిరుగు బస్సు కోసం పరుగు! ఆ హడావుడిలో చాలామంది చూడకుండా వచ్చేసేది ఆలయానికి దగ్గర్లోనే ఉన్న వ్యాస గుహని.

నిజానికి బాసర కథంతా అక్కడిదే. కురుక్షేత్ర యుద్ధం తర్వాత మనశ్శాంతి కోసం వ్యాస మహర్షి ఈ గోదావరి ఒడ్డుకు వచ్చాడట. రోజూ నదిలో స్నానం చేసి మూడు గుప్పిళ్ల ఇసుక తెచ్చి... సరస్వతి, లక్ష్మి, కాళి మూర్తులను రూపొందించాడని స్థలపురాణం. ఆయన పేరు మీద 'వ్యాసర' అయిన ఊరే కాలక్రమంలో బాసరగా మారిందంటారు. ఆయన తపస్సు చేసుకున్న చోటుగా భక్తులు ఈ గుహను కొలుస్తారు.

బండరాళ్ల మధ్య ఇరుకైన దారి. ఎంత పెద్దవాళ్లైనా తల వంచే లోపలికి వెళ్లాలి. గుడి దగ్గరి రద్దీ నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ కాసేపు కూర్చుంటే ప్రాణం తెరిపిన పడుతుంది.

అమ్మానాన్నలు ఆలోచించాల్సిన మాట కూడా ఇక్కడే దొరుకుతుంది. అక్షరాభ్యాసం అయిన మర్నాటి నుంచే 'పక్కింటి పాపకు ఏబీసీడీలన్నీ వచ్చేశాయి, నీకెందుకు రావు?' అని పిల్లల్ని సాధించే ఇళ్లు ఎన్ని లేవూ! వేదాలను విభజించి, భారతాన్ని చెప్పిన వ్యాసుడు సైతం అమ్మవారిని ఒక్కరోజులో నిలబెట్టలేదు. రోజుకు మూడు గుప్పిళ్లే. చదువైనా అంతే... రోజుకు కాస్త, కానీ రోజూ!

పిల్లలకు ఇక్కడ ఇంకో సరదా వేదవతి శిల. తట్టిన చోటును బట్టి ఒక్కో రకం శబ్దం చేస్తుంది. లోపల సీతమ్మ నగలున్నాయని నమ్మకం.

ఎలా వెళ్లాలంటే...
ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని బాసర 2016 నుంచి నిర్మల్ జిల్లాలో ఉంది. నిజామాబాద్ నుంచి సుమారు 35 కిలోమీటర్లు. సికింద్రాబాద్-మన్మాడ్ రైలు మార్గంలో బాసర స్టేషన్ ఉంది. పెద్దపల్లి-నిజామాబాద్ లైను 2017లో పూర్తవడంతో కరీంనగర్ నుంచి నిజామాబాద్ దాకా రైలు దారి కూడా ఏర్పడింది. వసంత పంచమికి, శరన్నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజున జనం కిక్కిరిసి ఉంటారు. గుహను తీరిగ్గా చూడాలంటే మామూలు రోజులే నయం. ఆయాసం, మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దవాళ్లు బయటే కూర్చోవడం మంచిది. పిల్లల్ని మాత్రం చెయ్యి పట్టుకునే తీసుకెళ్లండి.